చావులు పది

నాకు అన్నదమ్ములు లేరు. అందుకే మొన్న ఒక అమ్మాయి మా గేటు తీసుకుని లోపలికి వచ్చి "అత్తమ్మా, బాగున్నవా" అనగానే నాకు ముందు అనుమానమే వచ్చింది. వరసలు కలుపుకుని వచ్చేవాళ్లను నేను తొందరగా నమ్మను. ఇబ్రహీంపట్నంలో ఈ మధ్య అలాంటివాళ్లు ఎక్కువయ్యారు కూడా. ఒకడు పెద్దమ్మా అంటూ వచ్చి ప్లాటు అమ్మజూస్తాడు, ఇంకొకడు అక్కా అంటూ వచ్చి నీళ్ల మిషను అంటగడతాడు. ఈ అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. వెనక సీటుకు తాడుతో కట్టిన నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంది. అమ్మకానికే వచ్చిందని తేల్చుకుని మాకేం వద్దని చెప్పేశాను. ఆమె నవ్వి, తన పేరు రుబీనా అనీ, జానీ మియా మనవరాలిననీ చెప్పింది. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. జానీ మియా అంటే మా జానీ చిచ్చా. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇంటి మనిషి మా గడప దగ్గరికి రావడం నలభై ఏళ్లలో ఇదే మొదటిసారి. ఆ పిల్ల ఎందుకు వచ్చిందో చెప్పేలోపే, ఎందుకు వచ్చి ఉంటుందో నేను నాలుగు రకాలుగా ఊహించుకున్నాను. నాలుగూ మంచివి కావు.

రుబీనా సోలార్ మోటార్ల రిపేరు నేర్పుతుందట. మంచాల, యాచారం వైపు పల్లెలకు తిరిగి, పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతులతోనే విప్పించి బిగించేలా చేస్తుందట. అందుకు కావలసిన పెట్టెలను ఒక షెడ్డు అద్దెకు తీసుకుని తానే తయారు చేస్తోంది. నల్ల పెట్టెను నా ముందు పెట్టి మూత తీసింది. లోపల ఒకదానిమీద ఒకటిగా మూడు అరలు. వైర్ల పాఠానికి ఒకటి, స్టార్టరుకు ఒకటి, సోలార్ పలకలు బిగించడానికి ఒకటి. ఏ రోజు ఏ పాఠమైతే ఆ అర ఒక్కటే ఊడదీసి పట్టుకుపోవచ్చు. మెత్తటి నల్ల స్పాంజిలో పనిముట్ల ఆకారాలు కోసి ఉన్నాయి. మరలు తిప్పే పేచ్‌కస్ ఒకటి తీసి చూపించింది. అది ఉన్న చోట అడుగున ఎర్రటి రంగు. "ఏదన్న తప్పిపోతే ఎర్రగ కనవడ్తది అత్తమ్మా. వెతుకుడే అక్కెర లేదు" అంది. కొత్తగా ఎవరో కనిపెట్టిన పద్ధతి అన్నట్టు చెప్పింది. ఈ పిల్ల నన్ను పరీక్షిస్తోందా, నిజంగానే ఏమీ తెలియదా అని ఆమె ముఖంలోకి చూశాను. ఏమీ దొరకలేదు. తర్వాత వచ్చిన పని చెప్పింది. పెట్టెలో ఏమేం ఉండాలో రాసిన కాగితం ఇంగ్లీషులో ఉంది, నేర్చుకునేవాళ్లకు అర్థం కావడం లేదు, ముప్పై ఏళ్లు బోరింగులు బాగుచేసి నేర్పినదాన్ని కాబట్టి నేను మన మాటల్లో ఆ పట్టీ రాసివ్వాలి. ఇబ్రహీంపట్నంలో ఇంతమంది ఉండగా, ఆ ఇంటి పిల్ల వచ్చి పనిముట్ల పట్టీ రాయమని నన్ను అడుగుతోంది.

అడుగున ఎరుపు వేయడం మా బాపు పద్ధతి. మా బాపు వడ్రంగి, పేరు బాలయ్య. ఆయనంత అనుమానం మనిషిని నేను చూడలేదు, నన్ను తప్ప. గ్యాస్‌నూనె సీసా మీద ఎంతవరకు ఉందో సుద్దముక్కతో గీత గీసేవాడు. ఉలుల సంచికి వేసే ముడి ఆయనకే తెలిసిన ముడి, ఎవరైనా విప్పి మళ్లీ కడితే పట్టేసేవాడు. పాలు పోసే మల్లమ్మ ఎదుటే పాలలో వేలు ముంచి గోటి మీద చుక్క నిలబెట్టి చూసేవాడు. ఆమె మా ఇంటికి వచ్చినన్నాళ్లూ ఆ చుక్క నిలబడుతూనే ఉంది, ఆయన చూస్తూనే ఉన్నాడు. ఇల్లంతా సరేసు వాసన. పొద్దున్నే మా అమ్మ జొన్నరొట్టెలు చేసి దించగానే, ఆ పొయ్యి మీదే పాత డబ్బాలో సరేసు ఉడికేది. చెక్కలు అతికే ఆ జిగురు కంపులోనే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు అతుకు పెట్టడానికి ట్యూబులు వచ్చాయి, వాసనే లేదు. వాసన లేని అతుకును కూడా నేను నమ్మను.

అలాంటి బాపు నమ్మిన మనిషి ఒక్కడే, జానీ చిచ్చా. ఆయన చుట్టుపక్కల ఊళ్లలో బోరింగులు బాగుచేసేవాడు. బోరింగు అంటే చేత్తో కొట్టి నీళ్లు తోడే పంపు. ఇప్పుడు అవి దారి పక్కన తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి గానీ, అప్పట్లో అది పాడైతే ఊరి ఆడవాళ్లంతా మైలు దూరం పోవలసిందే. చిచ్చా సైకిలు మా గల్లీలోకి మళ్లిందంటే గొలుసు చప్పుడుకే మా అమ్మ చాయ్ పెట్టేది. గోడ గూట్లో ఆయనకని ఒక గాజు గ్లాసు వేరుగా ఉండేది. తాగి ఆయనే కడిగి ఆ గూట్లోనే బోర్లించి పోయేవాడు. గ్లాసు అలా వేరుగా ఉంచడంలో తప్పేమైనా ఉందని అప్పుడు ఎవరమూ అనుకోలేదు, ఆయన ఏమనుకున్నాడో మాకు తెలియదు. బాపూ ఆయనా ఒక చాయ్ పూర్తయ్యేలోపు మూడుసార్లు కొట్లాడుకునేవాళ్లు. చిచ్చా కొడుకు ఖాసిం నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఖాసిం అన్నా అని పిలిచేదాన్ని.

ఆ రోజుల్లో పట్నం నుంచి ఒక సంస్థ సారు వచ్చాడు. పది ఊళ్ల నుంచి పదిమంది ఆడవాళ్లకు బోరింగుల రిపేరు నేర్పుతారట. నేర్పేది జానీ చిచ్చా. పనిముట్లకు పది పెట్టెలు కావాలి. ఇనప పెట్టె అయితే ఇద్దరు మోయాలి. ఆడమనిషి ఒక్కతే బస్సెక్కి, దిగి, పొలాలకు అడ్డంపడి నడిచిపోయేలా ఉండాలన్నాడు సారు. బాపు రెండు రోజులు ఏమీ చేయకుండా కూర్చున్నాడు. మూడో రోజు మా అమ్మ పొలానికి కూలివాళ్లకు తీసుకుపోయే క్యారియర్ గిన్నెను ముందు పెట్టుకుని విప్పడం, పెట్టడం మొదలుపెట్టాడు. అలా పుట్టింది మా పెట్టె. మూడు చెక్క అరలు, పక్కన కొక్కేలు. పై అరలో బోరింగు తలకాయ విప్పే సామాను, నడుమ దాంట్లో పైపులది, అడుగు దాంట్లో లోపలి సిలిండరుది. తల ఒక్కటే పాడైతే పై అర ఒక్కటే పట్టుకుపోతే చాలు. బరువు సరిపోయిందో లేదో చూడటానికి మా అమ్మ నెత్తిన పెట్టి వాకిట్లో అటూ ఇటూ నడిపించాడు. మెడ వంగితే మళ్లీ చెక్క చెక్కేవాడు. ఆరోసారికి మా అమ్మ విసుగొచ్చి, పెట్టె నెత్తి మీద ఉండగానే పోయి బర్రెకు గడ్డి వేసి వచ్చింది. "గిప్పుడు సరిపోయింది" అన్నాడు బాపు.

ఇక ఆయన అనుమానం అంతా ఆ అరల్లోకి దిగింది. ప్రతి పనిముట్టునూ చెక్క మీద పెట్టి చుట్టూ గీత గీసి, ఆ ఆకారంలోనే గూడు తొలిచాడు. గూటి అడుగున ఎర్రరంగు వేశాడు. ఎవరైనా ఒకటి తీసి కొంగులో దాచుకుంటే పెట్టె తెరవగానే తెలిసిపోవాలని ఆయన ఉద్దేశం. నేర్చుకోబోయే ఆడవాళ్లను ఆయన చూడనైనా లేదు, అప్పుడే అందరూ దొంగలే.

ఆ పదిమందిలో నేనూ ఉండాలని నా కోరిక. పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్నాను. ఎండలో మగవాడిలా పానా పట్టుకుని తిరుగుతావా అని బాపు ఒప్పుకోలేదు. చిచ్చానే ఆయనతో కొట్లాడాడు. చివరికి బాపు ఒక షరతు పెట్టాడు. సామాను పట్టీ నేనే రాయాలి, పెట్టెలు నేనే నింపాలి. "ఒక్క సామాను అటీటైనా నువ్వు ఇంట్లనే ఉండు" అన్నాడు. నా బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది.

చిచ్చాకు తెలుగు చదవడం రాదు. ఆయన చెబుతుంటే నేను రాశాను. సుత్తెలు పది, పైపు పానాలు పది, ఆకురాళ్లు పది, ఇలా. చివర్లో ఆయన చావి అన్నాడు. మాకు చావి అంటే తాళం చెవి. ఆయనకు అది వంపు తిరిగిన ఇనప పనిముట్టు. పైపు లోపలి రాడ్డు జారి బోరులో పడిపోకుండా పట్టి ఉంచేది అదే. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా దండుగ. తన సంచిలోంచి తీసి బాపుకు ఇచ్చాడు, బాపు దాని చుట్టూ గీత గీసుకున్నాడు. నేను మిగతావాటిలాగే రాసి, పట్టీ అంతా పైకి చదివాను. "చావులు పది" అనగానే వంటింట్లో మా అమ్మ చేతిలోని చాట కింద పెట్టేసింది. మంచి పని మొదలుపెడుతూ ఇంట్లో కూర్చుని పది చావులు రాస్తారా అని లేచింది. బాపు కూడా ఉలిక్కిపడ్డాడు. "గా ముచ్చట కొట్టెయ్. ఒక్కటనే రాయి" అన్నాడు. చావులు అనకుండా మాటను ఒకటిగా రాయమని ఆయన ఉద్దేశం. చిచ్చా చాయ్ గ్లాసు పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. నేను పట్టీని వేరే కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాశాను. చావి అని రాశాను. చిచ్చా దాన్ని మడిచి జేబులో పెట్టుకుని పట్నం పోయాడు.

సాయంత్రానికి గోనెసంచి దిగింది. దుకాణంవాళ్లు కుట్టి ఇచ్చిన సంచిని చిచ్చా అలాగే బస్సు మీద వేసుకొచ్చాడు. మర్నాడు నేను నింపడం మొదలుపెట్టాను. సారు వచ్చి పెట్టెలు తీసుకుపోయే రోజు అదే. ఒక పెట్టె నిండింది. రెండో పెట్టెలో చావి గూడు ఖాళీ. మూడోదీ ఖాళీ. సంచి దులిపాను. తొమ్మిది పెట్టెల్లో తొమ్మిది ఎర్ర గూళ్లు నోళ్లు తెరుచుకుని నన్ను చూస్తున్నాయి. ఒక్క సామాను అటీటైనా ఇంట్లనే ఉండమన్నాడు బాపు, ఇక్కడ తొమ్మిది లేవు. అదే సమయానికి సారు వచ్చాడు, వెనకే చిచ్చా, గల్లీవాళ్లు నలుగురు పెట్టెలు చూడటానికి చేరారు. ఏమైందని బాపు అడిగాడు. నేను సారుతో మూడు మాటలు చెప్పాను. "తొమ్మిది చావులు లెవ్వు సారూ. సంచి తెచ్చింది చిచ్చా. ఖాసిం అన్న పెద్ద అంబర్‌పేట్ల కొత్తగ ఇనుప సామాన్ల దుకాణం పెట్టిండు." దొంగ అనే మాట నేను అనలేదు. మూడు మాటలు పక్కపక్కన పెట్టి ఊరుకున్నాను. అనుమానం మనుషులం మేము అంతే, మిగతాది వినేవాళ్లకు వదిలేస్తాం.

చిచ్చా నా వైపు చూశాడు, బాపు వైపు చూశాడు. బాపు తల తిప్పుకున్నాడు. అది నేను ఇప్పటికీ మరిచిపోలేను. ఆయన నమ్మిన ఒక్క మనిషినీ ఆ రోజు నా మాటతో వదులుకున్నాడు. చిచ్చా తన సంచిలోని సొంత చావి తీసి రెండో పెట్టె గూట్లో పెట్టాడు. "నేను లెక్కవెట్టుకోలే. గది నా తప్పే" అన్నాడు. సైకిలెక్కి పోయాడు. చాయ్ పొయ్యి మీద అలాగే ఉండిపోయింది.

పట్నం దుకాణంలో అవి మళ్లీ రావడానికి నెల పడుతుందన్నారట. చిచ్చా ఎనిమిది రోజులు సైకిలు మీద తిరిగాడు. మీర్‌పేట్‌లో ఒకరు, తుక్కుగూడలో ఒకరు, ఇలా తనకు తెలిసిన పాత బోరింగు మేస్త్రీలను అడిగి రోజుకొకటి తెచ్చాడు. గడప బయటే నిలబడి ఇచ్చి పోయేవాడు. అన్నీ వాడినవి, ఒక్కోటి ఒక్కో పొడుగు. బాపు మళ్లీ ఒక్కో గూడు వెడల్పు చేశాడు, చిచ్చాను మాత్రం లోపలికి పిలవలేదు. చివరిదాన్ని చిచ్చా ఒక కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గిది నీ కాడనే ఉంచుకో బిడ్డా" అన్నాడు. ఆ చావిని నా పెట్టెలో పెట్టుకోమంటున్నాడని అనుకున్నాను. విప్పితే ఆ కాగితం నేను రాసిన పట్టీ. సుత్తెలు పది. పైపు పానాలు పది. ఆకురాళ్లు పది. చివర ఒక్క మాట, చావి. పక్కన పది లేదు. మాటను ఒకటి చేయడంలో సంఖ్యను కూడా తీసేశాను. దుకాణంవాడు రాసినంతే ఇచ్చాడు.

ఆ క్షణంలో నేను కాగితాన్ని బొడ్లో దోపుకున్నాను. చిచ్చాకు చదువు రాదు కదా, చుట్టడానికి చేతికందింది వాడి ఉంటాడు అనుకున్నాను. చెబితే బాపు నన్ను పంపడు. తర్వాత చెబుదాం అనుకున్నాను. సారుతో ఆ మూడు మాటలు అన్నప్పుడే సంఖ్య సంగతి నాకు లోపల ఎక్కడో తట్టిందా అని చాలాసార్లు నన్ను నేను అడిగాను. తట్టలేదనే జవాబు చెప్పుకున్నాను. ఊరందరినీ అనుమానించినదాన్ని, ఆ జవాబును మాత్రం అనుమానించకుండా ఇన్నాళ్లు లాక్కొచ్చాను.

శిక్షణ జరిగింది. చిచ్చాను పిలవలేదు, వేరే మనిషి వచ్చి నేర్పాడు. ఖాసిం దుకాణం ముందు నుంచి పోయేవాళ్లు బోరింగు చావులు ఉన్నాయా అని అడిగి నవ్వేవాళ్లట. ఆ దుకాణం మూడేళ్లు కూడా నడవలేదు. నేను ఆ తర్వాత అతన్ని అన్నా అని పిలవలేదు, ఎదురుపడకుండా గల్లీ మారేదాన్ని. మా పెట్టె నెత్తిన పెట్టుకుని నేను తిరగని ఊరు లేదు. మొదట్లో నవ్విన ఊళ్లే తర్వాత మేస్త్రమ్మ వచ్చిందని బోరింగు దగ్గర నీడ చూసి కూర్చోబెట్టాయి. నా పిల్లల చదువులు, ఈ ఇల్లు, అన్నీ ఆ పెట్టె పెట్టినవే. చిచ్చా పోయినప్పుడు వెళ్లాను. వీధి చివర నిలబడి తిరిగి వచ్చేశాను. మా అమ్మ ఆ గాజు గ్లాసును గూట్లోంచి ఎప్పుడు తీసేసిందో నేను చూడలేదు.

ఇదంతా మనసులో తిరుగుతుండగా రుబీనా పెన్ను నా చేతిలో పెట్టింది. నేను లేచి లోపలికి పోయి, బీరువాలో చీరల కింద నుంచి ఆ పాత కాగితం తెచ్చాను. ఎందుకు తెచ్చానో సరిగ్గా చెప్పలేను. ఆ పిల్ల అన్నీ తెలిసే వచ్చిందని నా అనుమానం, అడగకముందే తేల్చేయాలనిపించింది కాబోలు. "మీ తాత మీద పడ్డ నింద గిదే. తప్పు నాది" అన్నాను. రుబీనా మడతలు విప్పి నెమ్మదిగా చదివింది. ఆశ్చర్యపోలేదు.

"గిది ఇంకా ఉన్నదా నీ కాడ" అంది. తర్వాత చెప్పింది. నింద పడ్డ మర్నాడే చిచ్చా పట్నం దుకాణానికి పోయి కాగితం చదివించుకున్నాడట. చావి పక్కన పది లేదని దుకాణంవాడు వేలు పెట్టి చూపించాడట. ఇంటికి వచ్చి తన భార్యకు, అంటే రుబీనా వాళ్ల దాదీకి, ఒక్కదానికే చెప్పాడు. దాదీ పోయేముందు రుబీనాకు చెప్పింది.

"మరెందుకు చెప్పలే మాకు?" అన్నాను.

"చెప్తే బాలయ్య పిల్లను పోనియ్యడు, పిల్ల ఆగమైతది అన్నడంట. గా పిల్లకు తెల్వాలె, ఊరికి తెల్వకున్నా నడుస్తది అన్నడంట."

నేను ఏడ్చాను. దాచుకోలేదు. నలభై ఏళ్లుగా ఎవరి మాట వెనక ఏముందో వెతికినదాన్ని, "గిది నీ కాడనే ఉంచుకో" అన్న మాట వెనక ఉన్నది నాకు కనబడలేదు. రుబీనా పెట్టెలోని పనిముట్లు ఒక్కొక్కటే తీసి, చూసి, మళ్లీ వాటి చోట పెడుతూ కూర్చుంది. కాసేపటికి నేను కళ్లు తుడుచుకుని, ఇంగ్లీషు పట్టీలో ఉన్నవి ఆమె చెబుతుంటే తెలుగులో రాశాను. పది పెట్టెలకు ఒకే పట్టీ. పేచ్‌కస్‌లు ఇరవై. టెస్టర్లు పది. పలకలు బిగించే మరలకు వంపు తిరిగిన చిన్న ఇనప కడ్డీ ఒకటి ఉంది. దాన్ని మీరేమంటారని అడిగాను. "మేం చావి అనే అంటం, మా తాత అన్నట్లు" అంది.

చావులు పది, అని రాశాను. పది మీద పెన్ను రెండుసార్లు దిద్దాను.

రుబీనా దాన్ని చూసి పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికి. పాత కాగితాన్ని మళ్లీ మడిచి, వాళ్ల నాయిన ఖాసింకు చూపించడానికి తీసుకుపోతానంది. సరే అనబోయాను. ఆ సంచీ, ఆ నిందా, అన్నీ ఆ ఇంటి మనుషుల చేతనే మోయించాను, ఇది కూడా వాళ్ల చేతనే మోయించడం నాకు సరిగా అనిపించలేదు. కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని బొడ్లో దోపుకుని చెప్పులు వేసుకున్నాను.

"మా అన్న ఇంట్లనే ఉన్నడా?" అని అడిగాను.